తాత గజంబద్దతో కొలిచిన గోలు

చేవెళ్లలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. బీజాపూర్ రోడ్డు మీదున్న మా పాత బట్టల దుకాణానికి ముందరి గోడ అందులో పోతుందని కబురొస్తే, అటక మీద ఏమన్నా మిగిలి ఉంటే ఆలోపే దించుకుందామని పోయిన నెల వెళ్లాను. దుకాణం కిరాయికిచ్చి చాలా ఏళ్లయింది. మా తాత పరుపు వేసుకొని కూర్చున్న గద్దె ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు మారుస్తున్నారు. కిరాయిదారు నిచ్చెన పట్టుకొని "మీరెందుకు మేడమ్, నేనెక్కుత కద" అన్నాడు. అరవై దాటినంత మాత్రాన మా అటక మీదికి ఇంకొకర్ని ఎక్కించే మనిషిని కాదు నేను. ఎక్కాను. ఎలుకలు కొట్టిన గోనె సంచులు, సొట్టపడిన ఇత్తడి చెంబు, పాత క్యాలెండర్ల చుట్టలు. వాటి కింద, మెత్తటి దుమ్ములో నిద్రపోతున్నట్టుగా తాత గజంబద్ద. టేకు కర్ర, రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. కొంగుతో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే, నా భ్రమేనేమో గానీ, కొత్త బట్టకు పెట్టే గంజి వాసన వచ్చింది. నిచ్చెన మీదే కాసేపు అట్లా నిలబడిపోయాను. కింద అతనికి భయం వేసినట్టుంది, "మేడమ్, జర దిగుండ్రి" అని రెండుసార్లు పిలిచాడు.

ఆ సాయంత్రం మా కాకకు ఫోన్ చేసి గజం దొరికిందని చెప్పాను. కాక అంటే మా బాపుకు తమ్ముడు, నాగభూషణం. నాకన్నా కొద్ది ఏళ్లే పెద్ద. ఎప్పటి నుంచో పట్నంలోనే ఉంటాడు, ఫుట్‌బాల్ స్టేడియానికి రెండు సందుల అవతల. మా దిక్కు పట్నమంటే హైదరాబాదే, ఇంకే ఊరికీ ఆ పేరు ఇవ్వం.   "స్టేడియం గూడ పడగొడుతున్నరు చిట్టీ. కొత్తది కడ్తరంట. గ్యాలరీ సగం పోయింది. ఆ గజం పట్టుకొని ఒకసారి రా" అన్నాడు. స్టేడియంలో గజంతో ఏం పని అంటే, "కొలిచేదొకటి ఉండిపోయింది" అని పెట్టేశాడు. పడుకున్నాక కూడా ఆ మాట వదల్లేదు. కళ్లు మూసుకుంటే మా దుకాణం పలకల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకోవడం మొదలుపెట్టాయి.

అవ్వ వాకిట్లో సాంపి చల్లి ముగ్గేసే వేళకు తాత స్నానం చేసి, నుదుట గంధం బొట్టుతో వచ్చి, ఆ పలకల్ని తీసి వరుసగా గోడకు ఆనించేవాడు. ఊదుబత్తి వెలిగించి ముందు లక్ష్మీదేవి పటానికి, తర్వాత గజంబద్దకు తిప్పేవాడు. సర్కారు మీటరు వచ్చి ఎన్నో ఏళ్లయినా మీటరు బద్ద గోడకే వేలాడేది, గజం చేతిలోకి వచ్చేది. గిరాకీలు అడిగేదీ గజాల్లోనే. తడి మట్టి వాసన, ఊదుబత్తి పొగ, కొత్త బట్టల థాన్ల గంజి వాసన కలిసి ఒక వింత మత్తుగా ఉండేది. నేను బడికి పోయేముందు కాసేపు ఆ మత్తులో కూర్చొని, తాత బట్ట కొలవడం చూసేదాన్ని. గుడ్డను బద్ద వెంబడి లాగి, కొస దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి, ఆ వేలిని ఇత్తడి తొడుగు దాటించి అవతల పెట్టేవాడు. రెండో గజం అక్కణ్నుంచి మొదలు. అంటే గజానికొక బొటనవేలు వెడల్పు కొసరన్నమాట. కూరగాయల వాళ్లు రెండు మిరపకాయలు కొసరేస్తారు, పాలమనిషి ఒక చెంచా ఒంపుతాడు. మా తాతది బొటనవేలు. ఆయనకు అది లెక్కగా గుర్తుండేది కూడా కాదు, చెయ్యే ఆ పని చేసుకునేది. "గట్ల ఇచ్చుకుంట పోతే మనకేం మిగుల్తది?" అని అవ్వ గునిస్తే, "బద్ద అందరిది, బొటనేలు నాది" అనేవాడు. ఆ వేలి కోసమే మొయినాబాదు దగ్గరి పల్లె హిమాయత్‌నగర్ నుంచీ, షాబాద్ దిక్కు ఊళ్ల నుంచీ, దారిలో నాలుగు దుకాణాలు దాటుకొని మా దగ్గరికి వచ్చేవాళ్లు.

మా బాపు వికారాబాదులో బడిపంతులు, అమ్మా నేనూ చేవెళ్లలో తాత దగ్గరే ఉండేవాళ్లం. గద్దె తనకొద్దని ఎప్పుడో తేల్చేశాడు. కాబట్టి గద్దె కాకదే అని తాత నిర్ణయం. కాక పొడుగు మనిషి, చేతులు ఇంకా పొడుగు. తాత నిచ్చెనెక్కి పై అరల్లోంచి థాన్లు కిందికి విసిరేస్తుంటే కాక పట్టుకునేవాడు. ఒకటి కుడికి పడితే కుడికి, ఎడమకు పడితే ఎడమకు. కాక చేతిలోంచి థాను కింద పడటం నేనెన్నడూ చూడలేదు. ఒకరోజు హైస్కూలు డ్రిల్లు మాస్టరు చొక్కా గుడ్డకని వచ్చి, ఆ విసురుడూ పట్టుడూ చూసి, చొక్కా సంగతే మర్చిపోయాడు. ఆయన్ని ఊరంతా ఉస్తాద్ సారు అనేవాళ్లు. ఒకప్పుడు పట్నం మైదానాల్లో ఆడిన మనిషి, మోకాలు పోయాక మా ఊరికి వచ్చి చేరాడు. "సేట్, ఈ పోరడు బట్టల దుకాణంల ఏం చేస్తున్నడు?" అన్నాడు. "బట్టలే అమ్ముతున్నడు. నీకెన్ని గజాలు కావాలె?" అన్నాడు తాత. ఆ రోజు నుంచి కాక సాయంత్రాలు మా ఇంట్లో కనబడటం తగ్గిపోయింది.

స్టేడియం కథ నేను మొదట విన్నది ఉస్తాద్ సారు నోటే, మా దుకాణం అరుగు మీద. సాసర్లో చాయ్ పోసుకొని ఊదుకుంటూ చెప్పేవాడు. ఒకప్పుడక్కడ గోడా లేదు, గేటూ లేదు. రాజుగారి గుర్రాలను తిప్పే మైదానమట. పొద్దు వాలి గుర్రాలు లాయానికి పోయాక, డెక్కల గుంటల నడుమ పట్నం పోరగాళ్లు ఉత్త కాళ్లతో బంతి ఆడేవాళ్లట. ఎవరో రెండు కట్టెలు పాతారు, అదే మొదటి గోలు. తర్వాత ఒక పక్కన పెద్దవాళ్ల కోసం రాతి మెట్లు, వాటి మీద నీడకు రేకులు. ఆ తర్వాత చుట్టూ సిమెంటు గ్యాలరీ, దాని కింద కమాను గదులు, ఆ గదుల్లో బూట్లు కుట్టేవాళ్లు, బంతులకు గాలి కొట్టేవాళ్లు, ఒక చాయ్ హోటలు. వాన పడితే ఆగిపోయే గడియారం ఒకటి. తూర్పు గ్యాలరీ వెనక ఒక రాతిగుట్ట ఉందట. టికెట్టు కొనలేనివాళ్లు దాని మీద కూర్చొని చూసేవాళ్లు. దాన్ని 'గుట్ట క్లాసు' అనేవాళ్లు, అసలు ఆట తెలిసినవాళ్లంతా అక్కడే ఉండేవాళ్లని సారు అభిప్రాయం. వాననీళ్లు జారిపోయేలా ఫీల్డు నడుమ కాస్త ఉబ్బుగా, తాబేలు వీపులా ఉంటుందట. "ఈ గోలీకి ఆ గోలీ కాళ్లు కనవడయి బేటీ, తలకాయనే కనవడ్తది" అని నాకు చెప్పేవాడు. గోలీ అంటే గోలు కాచేవాడు, మావాళ్లలో అది కాకే. ఎంత నిజమో ఎంత కోతో గానీ, రాత్రిళ్లు కళ్లు మూసుకుంటే నాకు కాళ్లు లేని ఒక మనిషి, గడ్డి వెనక తేలుతూ, బంతి కోసం చూస్తూ కనబడేవాడు.

అంగడి వెనక మాకొక బీడు ఉండేది. పిల్లలందరూ అక్కడే ఆడేవాళ్లు. గీతలూ లేవు, లెక్కా లేదు. కొలత లేని పనంటే తాతకు ఒంటికి సరిపడదు. ఆట మీద ఇష్టం లేకపోయినా, "ఆడేదేదో కొలత ప్రకారం ఆడుండ్రి" అని తనే ఉస్తాద్ సారును అడిగి స్టేడియం కొలతలు తెలుసుకున్నాడు. గోలు వెడల్పు ఎనిమిది గజాలు. పొడుగూ అడ్డమూ ఇంత. దుకాణంలో కూర్చొని జనపనార తాడును గజంబద్ద వెంబడి లాగి కొలిచాడు. తాడు రెండో కొస పట్టుకున్నది నేనే. తాడు జారకుండా చూడటమే నా పని, చూశాను. ఆ తాడు పట్టుకుపోయి బీడులో పరిచి, సున్నంతో గీతలు గీయించి, సర్వి కట్టెలతో రెండు దిక్కులా గోలు నిలబెట్టించాడు. ఇంతలో అవ్వ పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. కట్టెలకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పైకట్టెకు మామిడాకుల తోరణం కట్టమంది. "గుమ్మం నిలబెట్టినంక బొట్టు పెట్టకుంటె ఎట్ల?" అని ఆమె వాదన. "అవ్వా, తోరణం కడితే అవతలోళ్లు సుట్టాలనుకొని లోపలికి వస్తరు" అని కాక నెత్తి కొట్టుకున్నాడు. తోరణం ఉండిపోయింది. ఎండి రాలిపోయేదాకా ఆ ఆకుల కిందే ఆడారు.

ఉస్తాద్ సారు ఆ చలికాలం చివర్లో మాట తెచ్చాడు. పట్నం స్టేడియంలో ఊళ్ల టీములకూ పట్నం టీములకూ ఆటలు పెడుతున్నారు, మన చేవెళ్లనూ పిలిచారు, నాగును చూడటానికి పెద్ద క్లబ్బు వాళ్లు వస్తున్నారు, నచ్చితే ఆటతో పాటు ఆఫీసులో కొలువు కూడా ఇస్తారు. తాత అప్పుడు థాను చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు. కాక గోడకానుకొని నిలబడి ఉన్నాడు, పొడుగాటి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. థాను చుట్టి అరలో పెట్టాక తాత అన్నాడు, "ఆ స్టేడియంల గెలిచి రా. గెలిస్తే నీ ఇష్టమున్న కాడికి పో, నేనడ్డం రాను. గెల్వకుంటె గద్దె మీద కూసో. మల్ల ఆ బంతి ముచ్చట ఇంట్ల రావొద్దు." కాక తలూపాడు. మా ఇంట్లో తలూపితే రాసిచ్చినట్టే. అవ్వ లోపలికి పోయి ఏ దేవుడికి ఏం మొక్కుకుందో, ఎవరి పక్షాన మొక్కుకుందో నాకిప్పటికీ తెలియదు.

ఆట రోజు తాత దుకాణం మూసేశాడు. పండక్కి తప్ప మూయని మనిషి. నన్నూ తీసుకుపోయాడు. బస్సు మొయినాబాదు దాటి చెరువు పక్కగా పోతుంటే, మంచులో నీళ్లకూ ఆకాశానికీ నడుమ గీత కనబడలేదు. స్టేడియం గేటు దగ్గర ఒకాయన "ఆడపిల్లను ఎందుకు తెచ్చిన్రు?" అని ఆపితే, "కొలత తాడు పట్టింది ఈమెనే, సూడొద్దా?" అన్నాడు తాత. ఆయనకేం అర్థమైందో గానీ పక్కకు జరిగాడు. కమాను కింది చీకట్లోంచి మెట్లెక్కి పైకొచ్చేసరికి ఒక్కసారిగా పచ్చ. అంత పచ్చ నేనప్పటిదాకా చూడలేదు. మా చేలలో పచ్చ ఉంటుంది, కానీ దాని నడుమ మట్టి కనిపిస్తుంది. ఇక్కడ మట్టి జాడే లేదు. నడుమ నిజంగానే తాబేలు వీపులా ఉబ్బుగా ఉంది. గడియారం ఆగిపోయి ఉంది, ఎప్పటి వానకో. గుట్ట మీద జనం చీమల్లా ఉన్నారు. ఉస్తాద్ సారు అబద్ధం చెప్పలేదని నాకు భలే సంతోషమేసింది.

అవతలిది పట్నంలో ఒక కాలేజీ టీము. బూట్లూ, మేజోళ్లూ, ఒకే రంగు బనీన్లూ. మావాళ్లు సగం మంది ఉత్త కాళ్లే. వాళ్లు కాక మీదికి వరసగా బంతులు కొట్టారు. కాక కుడికి పడ్డాడు, ఎడమకు పడ్డాడు, తాత నిచ్చెన మీంచి విసిరినట్టే ఒక్కొక్కటీ పట్టుకున్నాడు. చప్పట్లు గుట్ట మీంచి మొదలై గ్యాలరీలోకి దిగాయి. మా పక్కన కూర్చున్న ఉస్తాద్ సారు, "ఏంది వీనికి గోలు చిన్నగ కనవడుతున్నదా ఏంది?" అని నవ్వాడు. తాత నవ్వలేదు, కానీ కండువా కొస గట్టిగా పట్టుకున్నాడు. ఆట ముగిసేముందు మా నర్సిములుకు బంతి దొరికింది. హిమాయత్‌నగర్ రైతు పిల్లవాడు, మా బీడులో అతను పోస్టు పక్కనుంచి లోపలికి కొడితే ఆపినవాడు లేడు. అదే చోటు, అదే కాలు, అదే కొట్టుడు. పట్నం గోలీ కదల్లేకపోయాడు. బంతి ఇనుప పోస్టుకు తగిలి ఠంగుమని వెనక్కి వచ్చింది. ఆ మోత స్టేడియమంతా తిరిగి గుట్టకు తగిలి మళ్లీ వినబడింది. ఆట అయిపోయింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

నర్సిములు గడ్డిలో కూర్చొని ఏడ్చాడు. ఇంకా కొంతసేపు ఏడ్చేవాడేమో, కాక వెళ్లి లేవదీశాడు. క్లబ్బు వాళ్లు కాక భుజం తట్టారు, రేపే రమ్మన్నారు. కాక వాళ్లను దాటుకొని తాత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "గెల్వలేదు కద" అన్నాడు తాత. "గెల్వలేదు నాయినా" అన్నాడు కాక. అంతే. బస్సులో కాక వెనక సీట్లో, నర్సిములు తల తన భుజం మీద పెట్టుకొని కూర్చున్నాడు. నేను తాత పక్కన. మళ్లీ చెరువు వచ్చింది, ఈసారి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. తాత కళ్లు మూసుకొని, మోకాలి మీద బొటనవేలు కొంచెం ముందుకు జరిపి ఆపుతున్నాడు, మళ్లీ జరిపి ఆపుతున్నాడు. జపం చేసుకుంటున్నాడనుకొని నేను పలకరించలేదు.

మర్నాటి నుంచి కాక గద్దె మీద కూర్చున్నాడు. సణగలేదు, మొహం ముడుచుకోలేదు. అదే మాకు కష్టమైంది. తిడితే బాగుండు, తిండి మానేసినా బాగుండు అని అవ్వ నాతోనే చెప్పుకుంది. బంతిని బియ్యం గుమ్మి వెనక దాచింది. రోజూ బియ్యం తీసేటప్పుడు దాన్ని ముట్టుకొని చూడటం నేను కనిపెట్టాను. తాత మాత్రం సంతోషంగా ఉన్నట్టే కనబడ్డాడు. కాకకు గద్దె ఇచ్చి తను పక్కన దిండుకు ఆనుకొని, కాక గిరాకీలతో మాట్లాడుతుంటే చూస్తూ ఉండేవాడు. మధ్యాహ్నాలు నిద్రపోవడం కూడా మానేశాడు. ఇట్లా ఒక నెల పోయింది.

హిమాయత్‌నగర్ లచ్చవ్వ మా పాత గిరాకీ. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఒక మధ్యాహ్నం మనవరాలి లంగాకు చీటిగుడ్డ కావాలని వచ్చింది. కాక థాను దించి, గుడ్డను బద్ద మీద పరిచి కొలిచి, కత్తెర పెట్టాడు. లచ్చవ్వ గుడ్డ చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది, కింద పెట్టేసింది. "పెద్ద సావుకారి బొటనేలు ఏడ పాయె?" అంది. "ఈడికి దాక ఎండల నడిసి వచ్చింది దాని కోసమే కద. బద్ద కాడికి కొలిచి ఇచ్చెటోళ్లు తొవ్వల మస్తుమంది ఉన్నరు." దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. కాక నవ్వలేదు. వంచిన తల ఎత్తకుండా మడత సరిచేస్తున్నాడు. తాత దిండు మీంచి లేచాడు. తనే గుడ్డ మళ్లీ కొలిచి, గజానికో వేలు జరిపి, కొత్త ముక్క కత్తిరించి లచ్చవ్వ చేతిలో పెట్టాడు. గజంబద్ద చంకలో పెట్టుకొని, "చిట్టీ, పా" అన్నాడు.

బీడులో ఎవరూ లేరు. సున్నం గీతలు సగం చెరిగిపోయాయి, కట్టెల మీద అవ్వ పెట్టిన బొట్లు ఎండకు వెలిసిపోయాయి. తాత తాడు అడగలేదు. గజంబద్దను నేల మీద పరిచి, కొస దగ్గర నన్ను వేలితో గీత గీయమని, ఆ గీత నుంచే మళ్లీ పరిచాడు. ఎనిమిదోసారి పరిచాక కూడా కట్టె రాలేదు. ఇంకా ఖాళీ ఉంది. తాత ఆ ఖాళీలో జాన పెట్టాడు. చిటికెన వేలు గీత మీద, బొటనవేలు కట్టెకు తాకింది. సరిగ్గా జానెడు. తాడు కొలిచేటప్పుడు ఆయన చెయ్యి బట్ట కొలిచినట్టే కొలిచింది, గజానికో వేలు కొసరిచ్చుకుంటూ పోయింది. జానెడు వెడల్పెక్కువైన గోలులో కొట్టడం నేర్చిన నర్సిములు బంతి పట్నంలో పోస్టుకు తగిలింది. జానెడు వెడల్పెక్కువైన గోలును కాచిన కాకకు పట్నం గోలు చిన్నదైంది. ఆ వయసులో నాకే అర్థమైంది. తాత చెయ్యి తీయకుండా కాసేపు అట్లాగే గొంతుక్కూర్చున్నాడు. "పొద్దు పోయింది, పా" అని లేచాడు.

ఆ సాయంత్రం అన్నాలు తినేటప్పుడు, తాత చారు పోసుకుంటూ, ఏదో సరుకు సంగతి మాట్లాడినట్టే అన్నాడు. "నాగూ, ఆ బంతి మన గోల్ల అయితే లోపల వడేది. గోలు తప్పు గొలిచింది నేను. కొలత తప్పితే నష్టం దుకాణం భరిస్తది, గిరాకి భరించడు. నువ్వు గెలిచినట్టే. పో." కాక చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. అమ్మ మొహం అవతలికి తిప్పుకుంది. అవ్వే మాట్లాడింది. "తిన్నంక పొమ్మను. పెరుగు గూడ ఉన్నది."

కాక ఆ స్టేడియంలో చాలా ఏళ్లు ఆడాడు. మేము ఊరి నుంచి బస్సు కట్టుకొని పోయేవాళ్లం. అవ్వ ఒక్కసారే వచ్చింది, ఇనుప పోస్టులకు బొట్టు పెట్టనివ్వలేదని మళ్లీ రాలేదు. తాతకు గుట్ట క్లాసే నచ్చింది. టికెట్టు కొనగలిగీ అక్కడే కూర్చునేవాడు, అక్కడి నుంచి గోలు వెడల్పు బాగా కనబడుతుందని. నా కళ్ల ముందే గ్యాలరీ మీద పెద్ద లైట్లు వచ్చాయి, చుట్టూ పరుగుపందేల బాట వచ్చింది, గడియారం పోయి కరెంటు బోర్డు వచ్చింది. కాక మోకాలు కూడా ఉస్తాద్ సారు మోకాలి దారే పట్టింది. తర్వాత ఆఫీసు, పెళ్లి, పిల్లలు. తాత పోయాక దుకాణం మా బాపు కొన్నాళ్లు నడిపి కిరాయికిచ్చాడు. బాపుకు బొటనవేలు జరపడం రాలేదు. వచ్చినట్టు జరిపేవాడు గానీ, గిరాకీకి తెలిసిపోయేది.

గజం పట్టుకొని పట్నం పోతూ కారు అద్దంలోంచి చూస్తే, మొయినాబాదు దాటాక ఇప్పుడు వలలు కట్టిన చిన్న చిన్న మైదానాలు. ప్లాస్టిక్ గడ్డి. గంట కిరాయి. గంట కాగానే మోత వస్తుంది, బయటికి రావాలి. వాటిలో గీతలు ఫ్యాక్టరీలోనే గడ్డిలో నేసుకొస్తారు, ఎవరి చెయ్యీ పడదు, వెంట్రుకవాసి తేడా ఉండదు. మా మనవరాలు అక్కడే ఆడుతుంది, కాళ్లకు రక్షలూ, చేతులకు తొడుగులూ వేసుకొని. ఆ పిల్లను గేటు దగ్గర ఎవరూ ఆపరు. అందుకని ఆ రోజులే మంచివని నేను అనను, అనలేను. మా బీడు ఇప్పుడు ప్లాట్లయింది. చందనవెల్లి దిక్కు పొలాల్లో కంప్యూటర్ల కోసం పెద్ద పెద్ద కొట్టాలు లేచాయి. అన్నీ సరైన కొలతలే. ఎవరికీ కొసరు అక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా. నాకు మాత్రం ఏదన్నా సరిగ్గా కొలతకు వస్తే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. సావుకారి ఇంటి పిల్లకు అది జబ్బులాంటిది.

కాక గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కాపలాదారు పాత పరిచయస్తుడు, లోపలికి వదిలాడు. సగం గ్యాలరీ కూలి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. కమాను గదులు నోళ్లు తెరుచుకొని ఉన్నాయి. ఆ పచ్చ అంతా పోయి ఎర్రమట్టి. కానీ గుట్ట అట్లాగే ఉంది, దాని మీద మధ్యాహ్నపు ఎండ మెత్తగా, ఎవరో పరిచిన గుడ్డలా పడుకొని ఉంది. గోలు పోస్టులు పీకేశారు, పాతిన గుంటలు మాత్రం మిగిలాయి. "కొలువు" అన్నాడు కాక. తన మోకాళ్లు వంగవు కాబట్టి నేనే వంగి, బద్ద పరిచి, గీత గీసి, మళ్లీ పరిచి, ఆ చివరి గుంట దాకా వెళ్లాను.

"సరిగ్గ ఎనిమిది గజాలే కాకా" అన్నాను.

"తెలుసు. ఆ రోజే తెలుసు." గుంట పక్కన ఒక రాయి మీద కూర్చున్నాడు. "నడుమ నిలవడి పోస్టు కాడికి అడుగులేస్తం కద, గోలీలకు అది అలవాటు. ఆడ మన అడుగు పూర్తిగాక ముందే పోస్టు చేతికి తగిలింది. ఆట మొదలుగాక ముందే సమజైంది, మన గోలు పెద్దగున్నదని. నర్సిములుకు చెప్పాల్నని నోటి దాక వచ్చింది. చెప్తే పదిమందిల నాయిన కొలత తప్పన్నట్టే కద. ఊకున్న."

"మరి లచ్చవ్వ వచ్చిన రోజు?"

కాక నా వైపు చూడలేదు. "కావాల్ననే ఆపిన బొటనేలు. నెల దినాలు ఓర్సుకున్న చిట్టీ, ఇగ నాతోని కాలేదు. నోటితోని చెప్పలేక బట్టతోని చెప్పిన. లచ్చవ్వ ఊకోదని నాకెర్కనే. నాయిన ధర్మం మనిషని తెలిసి, ఆ ధర్మాన్నే అడ్డం పెట్టుకొని బయటవడ్డ. అది మోసమే కద? ఆయన పొయ్యేదాక అడుగుదామనుకున్న, అడగలేకపొయిన. ఇప్పుడీ గుంటలు గూడ పూడుస్తరు."

 అప్పుడే, ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎర్రటి చెరువు పక్కన పోతున్న బస్సు కళ్ల ముందుకొచ్చింది. తాత మోకాలు, దాని మీద జరిగి ఆగుతున్న బొటనవేలు. ఇన్నేళ్లూ దాన్ని జపమనుకొనే దాచుకున్నాను.

"కాకా, తాతకు బస్సులనే తెలుసు" అన్నాను. "మోకాలి మీద బొటనేలు జరుపుకుంట లెక్క పెట్టుకున్నడు. నేను పక్కనే ఉన్న."

కాక నా దిక్కు తిరిగాడు. "తెల్సినంక నెల దినాలు ఎందుకూకున్నడు మరి?"

"నువ్వు గద్దె మీద కూసుంటె, సూసుకుంట కూసున్నడు."

కాక కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. "ఆ గజం ఇటియ్" అన్నాడు. వద్దన్నా వినకుండా, నా భుజం పట్టుకొని, వంగని మోకాళ్లను ఒక్కొక్కటే వంచి మట్టిలో కూర్చున్నాడు. బద్ద కొసను గుంట అంచుకు చేర్చి, తొడుగు మీద బొటనవేలు పెట్టి, మెల్లగా దాటించి, అవతల గీత గీశాడు.